మంచివాళ్ళంతా కలిస్తే మంచి గుంపు ఎందుకు కాదు? రైన్‌హోల్డ్ నీబూర్ చిక్కు ప్రశ్న

ఈ ప్రార్థన మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. "దేవా, నేను మార్చలేనివాటిని ఒప్పుకునే ప్రశాంతత ఇవ్వు, మార్చగలిగినవాటిని మార్చే ధైర్యం ఇవ్వు, ఆ రెండింటికీ తేడా తెలుసుకునే వివేకం ఇవ్వు." వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్ మెసేజ్‌గా, సూర్యోదయం బొమ్మ కింద వస్తుంది. కాఫీ కప్పుల మీద, గోడ క్యాలెండర్ల మీద ఉంటుంది. తాగుడు మానాలనుకునేవాళ్ళు కూడి మాట్లాడుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాల్లో ఎన్నో దేశాల్లో దీన్ని చదువుతారు. రాసినాయన పేరు మాత్రం చాలాసార్లు కనపడదు.

ఆయన రైన్‌హోల్డ్ నీబూర్. న్యూయార్క్‌లో పాస్టర్లను తయారుచేసే యూనియన్ థియలాజికల్ సెమినరీలో 1928 నుంచి 1960 దాకా క్రైస్తవ నీతిశాస్త్రం బోధించారు. ఆ ప్రార్థన చదివి ఆయన్ని కళ్ళు మూసుకుని చెట్టు కింద కూర్చున్న సాధువుగా ఊహించుకుంటే పప్పులో కాలేసినట్టే. గబగబా మాట్లాడే మనిషి, చేతులు ఒకచోట నిలవవు. వారమంతా పాఠాలు చెప్పి, శని ఆదివారాలు రైలెక్కి ఏదో ఒక కాలేజీలో ప్రసంగానికి పోయేవారు. సోషలిస్టు పార్టీ తరఫున రెండుసార్లు ఎన్నికల్లో నిలబడి రెండుసార్లూ ఓడిపోయారు. సొంత తమ్ముడితో పత్రికలో బహిరంగంగా వాదించారు. ఆయన బుర్రను జీవితమంతా తొలిచిన ప్రశ్న ఒకటుంది: విడివిడిగా చూస్తే మంచివాళ్ళే అయిన మనుషులు గుంపుగా మారగానే ఎందుకంత నిర్దయగా తయారవుతారు?

ఆ ప్రశ్నకూ ఈ ప్రార్థనకూ సంబంధం ఉంది. అది తెలియాలంటే మొదట ప్రార్థనలో మారిపోయిన మాటలు చూడాలి. నీబూర్ తనదని చెప్పిన పాఠం దాదాపు ఇలా ఉంటుంది: "దేవా, మార్చడానికి వీల్లేనివాటిని నిబ్బరంగా ఒప్పుకునే కృపను, మార్చవలసినవాటిని మార్చే ధైర్యాన్ని, ఒకదాన్నుంచి మరొకదాన్ని వేరుచేసి చూసే వివేకాన్ని మాకు దయచేయి." ఆయన 'మాకు' అంటే వాడుకలో 'నాకు' అయింది. ఆయన 'మార్చవలసినవి' అంటే అది 'మార్చగలిగినవి' అయింది. కృప అన్న మాట జారిపోయింది. ఆయన కూతురు ఎలిజబెత్ సిఫ్టన్ ఈ ప్రార్థన గురించి ఒక పుస్తకమే రాశారు. నాకైతే ఈ మాటల మార్పు చిన్న తేడా అనిపించదు. మార్చగలిగినవి అంటే నా చేతికి అందినంత. మార్చవలసినవి అంటే నాకు చేతనైనా కాకపోయినా నా బాధ్యతే. మొదటిది మనిషిని కుదుటపరుస్తుంది, రెండోది నిద్రపోనివ్వదు.

డిట్రాయిట్ నేర్పిన లెక్కలు

నీబూర్ 1892లో మిస్సోరీ రాష్ట్రంలోని రైట్ సిటీలో పుట్టారు. తండ్రి గుస్తావ్ జర్మనీ నుంచి వలస వచ్చిన పాస్టరు. ఇంట్లోనూ చర్చిలోనూ జర్మనే. అక్క హల్డా, తమ్ముడు రిచర్డ్ కూడా తర్వాత అధ్యాపకులే అయ్యారు. 1913లో తండ్రి పోయారు. 1915లో యేల్ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. పూర్తి చేసి, అదే ఏడాది డిట్రాయిట్‌లో బెతెల్ ఇవాంజెలికల్ సంఘానికి (అంటే చర్చికి) పాస్టరుగా చేరారు. అప్పటికి పెళ్ళి కాలేదు. తల్లి లిడియా కొడుకుతో పాటు వచ్చి సంఘం పనులు చక్కబెట్టేవారు. చేరినప్పుడు 60 పైచిలుకు సభ్యులున్న సంఘం, 13 ఏళ్ళ తర్వాత ఆయన వెళ్ళిపోయేనాటికి 700కు దగ్గరపడింది.

దానికి ఆయన ప్రసంగాలతో పాటు ఊరు పెరగడం కూడా కారణమే. 1910లో 4.65 లక్షల జనాభా ఉన్న డిట్రాయిట్ 1930 నాటికి 15 లక్షలు దాటింది. అదంతా కార్ల ఫ్యాక్టరీల పుణ్యం. అందులో పెద్ద పేరు హెన్రీ ఫోర్డ్. 1914లో రోజుకు 5 డాలర్ల కూలీ ప్రకటించి లోకాన్ని ఆశ్చర్యపరిచిన యజమాని ఆయన. 1926లో వారానికి 5 రోజులే పని అన్నారు. పత్రికలన్నీ దాతృత్వం అని రాస్తుంటే, నీబూర్ తన సంఘంలోని కార్మికుల ఇళ్ళకు వెళ్ళి కూర్చుని వాళ్ళ వైపు నుంచి లెక్క చూశారు. ఒకరోజు పని తగ్గితే ఆ రోజు కూలీ కూడా పోయింది. పని మాత్రం 5 రోజుల్లోనే పిండుకుంటున్నారు. మరుసటి ఏడు ఫోర్డ్ మోడల్-టి ఆపేసి మోడల్-ఎ తయారీకి ఫ్యాక్టరీ సర్దుకునే వ్యవధిలో వేలమంది ఇంట్లో కూర్చున్నారు, కుటుంబాలు ధర్మసంస్థల గుమ్మాలెక్కాయి. ఆ కొత్త కారు కోసం కార్మికులు పోగొట్టుకున్న కూలీ కనీసం 5 కోట్ల డాలర్లు ఉంటుందని నీబూర్ తన నోటుబుక్కులో రాసుకున్నారు.

అక్కడే ఆయనకు ఒక సంగతి తట్టింది. అప్పటిదాకా అమెరికా ప్రొటెస్టెంటు చర్చిల్లో 'సోషల్ గాస్పెల్' గాలి వీస్తోంది. మనుషుల మనసుల్లో ప్రేమ నింపితే సమాజం దానంతటదే బాగుపడి దేవుని రాజ్యానికి దగ్గరవుతుందని ఆ పాస్టర్ల ఆశ. యజమాని మారుమనస్సు పొందితే కూలీ పెరుగుతుంది! కానీ డిట్రాయిట్‌లో నీబూర్ చూసిన యజమానుల్లో చాలామంది ఆదివారం తప్పకుండా చర్చికి వచ్చేవాళ్ళే, విరాళాలు ఇచ్చేవాళ్ళే. మనసులో లోటేమీ లేదు. అయినా సోమవారం ఫ్యాక్టరీ తీరు మారదు. దానం చేసేటప్పుడు జాలితో పాటు తన అధికారాన్ని కూడా చూపించుకోవచ్చు. అందుకే ఉన్నవాడికి దానం సులువు, న్యాయం కష్టం.

అసలు చిక్కుముడి

1932లో వచ్చిన 'మోరల్ మ్యాన్ అండ్ ఇమ్మోరల్ సొసైటీ'లో ఈ ఆలోచన పూర్తి రూపం తీసుకుంది. పేరులోనే వాదన ఉంది: మనిషి నీతిమంతుడు, సమాజం నీతిలేనిది. ఇది చదివి చాలామంది "గుంపులో చెడ్డవాళ్ళు చేరతారు కాబట్టి గుంపు చెడిపోతుంది" అనుకుంటారు. ఆయన చెప్పింది అది కాదు, అంతకంటే ఇబ్బంది పెట్టేది. చెడ్డవాడు ఒక్కడూ లేకపోయినా గుంపు చెడుగా ప్రవర్తించగలదు.

ఎలాగంటే, మన దగ్గరి ఉదాహరణే చూడండి. తన కోసం ఒక్క రూపాయి ఖర్చు పెట్టుకోని తండ్రి ఉంటాడు. చిరిగిన చొక్కాతోనే తిరుగుతాడు. పిల్లల కోసం మాత్రం రాత్రికి రాత్రి పక్కవాడి పొలం గట్టు జరుపుతాడు. అది స్వార్థమా? "నాకోసం చేశానా!" అంటాడు, అది నిజమే కూడా. అతని నిస్వార్థమంతా కుటుంబం అనే గుంపు స్వార్థానికి పెట్టుబడి అయింది. ఇదే కులం దగ్గర, పార్టీ దగ్గర, దేశం దగ్గర ఇంకా పెద్దదవుతుంది. సైనికుడు ప్రాణమిస్తాడు, అంతకంటే త్యాగం లేదు. ఆ త్యాగాల కుప్ప మీద నిలబడి దేశం తన స్వార్థం తాను చూసుకుంటుంది. మనిషి త్యాగబుద్ధిని దేశభక్తి జాతి అహంకారంగా మార్చేస్తుందని నీబూర్ అన్నది దీన్నే.

ఎదురుగా ఉన్న మనిషి ఏడుస్తుంటే మనకు గొంతు పట్టేస్తుంది. గుంపుకు గొంతు లేదు. రెండు గుంపులు ఒకదాన్నొకటి ముఖాముఖి చూసుకోవు, లెక్కల్లో చూసుకుంటాయి. పైగా మనిషి తప్పు చేస్తే ఎక్కడో లోపల గుచ్చుకుంటుంది. గుంపు తప్పు చేస్తే దానికి ధర్మం, నాగరికత, సంప్రదాయం అని పేర్లు పెట్టుకుంటుంది. "ఆయన వ్యక్తిగతంగా చాలా మంచివాడండీ" అనే మాట మన రాజకీయాల్లో ఎన్నిసార్లు వింటామో! నీబూర్ వింటే, "నిజమే కావచ్చు, కానీ నేను అడుగుతున్నది ఆయన గుంపు గురించి" అని ఉండేవారు.

దీన్నుంచి ఆయన తేల్చింది ఏమిటంటే, గుంపును బతిమాలి మార్చలేం. ఆధిపత్యంలో ఉన్న వర్గం ఉపన్యాసాలు విని అధికారం వదలదు. అధికారానికి ఎదురుగా ఇంకో అధికారం నిలబడాలి. అది యూనియన్ కావచ్చు, ఓటు కావచ్చు, బహిష్కారం కావచ్చు. ప్రేమ మనుషుల మధ్య ధర్మం. గుంపుల మధ్య మనం ఆశించగలిగింది న్యాయం, దానికి ఒత్తిడి కావాలి. అలాగని ప్రేమను పక్కన పెట్టేయలేదు. ఇంతకంటే మెరుగైన న్యాయం ఉండాలి కదా అని ప్రేమ ప్రతి న్యాయాన్నీ అడుగుతూనే ఉండాలన్నారు. ఈ ధోరణికే 'క్రిస్టియన్ రియలిజం' అని పేరు వచ్చింది.

మాంచెస్టర్ పిల్లలు

మనకు నేరుగా తగిలే భాగం ఇక్కడుంది. ఆ పుస్తకంలో నీబూర్ గాంధీ గురించి చాలాసేపు ఆలోచించారు. అప్పటికి సహాయ నిరాకరణ, ఉప్పు సత్యాగ్రహం రెండూ జరిగాయి. మన ఊళ్ళ నడిబజార్లలో సీమ గుడ్డలు కుప్పపోసి తగలబెట్టిన రోజులవి. ఇటువైపు మనకు ఆ మంట తెలుసు. అటువైపు ఏమైంది? ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ చుట్టుపక్కల లాంకషైర్ మిల్లులు మూతపడి కార్మికులు వీధిన పడ్డారు. 1931 సెప్టెంబరులో గాంధీ స్వయంగా అక్కడికి వెళ్ళి ఆ కార్మికుల మధ్య ఉన్నారు. వాళ్ళ కష్టం చూసి బాధపడ్డారు, తన దేశపు ఆకలి అంతకంటే ఎన్నో రెట్లు పెద్దదని కూడా చెప్పారు.

నీబూర్ ప్రశ్న సూటిగా ఉంటుంది. గాంధీ బహిష్కారం వల్ల మాంచెస్టర్‌లో పిల్లలకు తిండి తగ్గింది. ఆ పిల్లలు మనల్నేం చేశారు? అహింస అంటే ఎవరినీ నొప్పించకపోవడం అయితే ఇది అహింస ఎలా అవుతుంది? ఆయన జవాబు: అహింసాయుత పోరాటం కూడా బలప్రయోగమే. హింసకూ దానికీ ఉన్నది మోతాదు తేడా. చెడును ఎదిరించకుండా ఊరుకోవడం ఒకటి, చెయ్యెత్తకుండా ఎదిరించడం ఇంకొకటి. గాంధీ మాటల్లో ఈ రెండూ కలిసిపోయాయని, అది క్షమించదగిన గందరగోళమేనని ఆయన అభిప్రాయం.

ఇది చదవగానే మనకు కొంచెం రోషం వస్తుంది. కానీ ఆయన గాంధీని తగ్గించడానికి రాయలేదు. తర్వాతి పేజీల్లోనే, అణగారిన అల్పసంఖ్యాకులకు ఇంతకంటే మంచి పద్ధతి లేదంటారు. ఎదుటివాడిలో పగ పెరగనివ్వదు, వాడూ మనిషేనన్న ఎరుక పోనివ్వదు, ఆయుధాల్లో మనకంటే బలవంతుడితో ఆయుధాల ఆట ఆడదు. అమెరికాలో నల్లవాళ్ళ విముక్తి బహుశా ఇలాంటి వ్యూహం కోసమే ఎదురుచూస్తోందని 1932లోనే రాశారు. 23 ఏళ్ళ తర్వాత, 1955 డిసెంబరులో, అలబామా రాష్ట్రంలోని మాంట్‌గమరీ నల్లజాతి ప్రజలు బస్సుల్లో జాతి వేర్పాటుకు నిరసనగా సిటీ బస్సులు ఎక్కడం మానేశారు. 381 రోజులు నడిచారు. బస్సు కంపెనీ ఆదాయం పడిపోయింది. వాళ్ళకు ముందు నిలబడిన 26 ఏళ్ళ పాస్టరు మార్టిన్ లూథర్ కింగ్ సెమినరీ రోజుల్లోనే నీబూర్‌ను చదివారు. గాంధీ నుంచి ఆయన తీసుకున్నది అందరికీ తెలుసు. గుంపులు వ్యక్తులకంటే నీతి తక్కువగా ఉంటాయని నీబూర్ గుర్తుచేశారు కదా అని 1963లో అదే రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్ జైలు నుంచి రాసిన లేఖలో కింగ్ పేరుపెట్టి చెప్పారు. "కొంచెం ఓపిక పట్టండి" అన్న తెల్ల మతపెద్దలకు అది జవాబు.

పాపం అంటే టెన్షన్?

సమాజం గురించి ఇంత చెప్పిన మనిషి వ్యక్తిని మాత్రం పూర్తిగా మంచివాడని వదిలేశాడా అని అనుమానం రావాలి. 1939లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో ఇచ్చిన గిఫర్డ్ ఉపన్యాసాల్లో ఆయన ఆ సంగతి తేల్చుకున్నారు. అవి జరుగుతుండగానే యుద్ధం మొదలైంది. అక్టోబరులో జర్మన్ విమానాలు దగ్గర్లోని నౌకా స్థావరం మీద దాడి చేశాయి.

జంతువుకు ఆకలి వేస్తుంది, తింటుంది, పడుకుంటుంది. మనిషికి రేపటి ఆకలి కూడా ఇవాళే వేస్తుంది. మట్టిలో పుట్టి మట్టిలో కలిసేవాడే, కానీ ఆ సంగతి ముందే తెలిసినవాడు. ఈ రెండింటి నడుమ పుట్టే ఆందోళన (మన మాటలో టెన్షన్) పాపం కాదు. దాన్ని తట్టుకోలేక, దేవుని మీద భారం వేయలేక, తానే దేవుడైపోవాలని చూడటం పాపం. పది తరాలకు సరిపడా కూడబెట్టడం, నాకు తెలిసిందే సత్యం అనడం, నేనే నీతిమంతుణ్ణి అనుకోవడం అన్నీ ఆ కోవలోవే. చివరిది అన్నిటికంటే ప్రమాదం, ఎందుకంటే అది దేవుని పేరుతోనే నడుస్తుంది. ప్రజాస్వామ్యం మీద ఆయన 1944లో రాసిన ప్రసిద్ధమైన వాక్యం కూడా ఇక్కడినుంచే పుట్టింది: మనిషిలో న్యాయబుద్ధి ఉంది కాబట్టి ప్రజాస్వామ్యం సాధ్యం, అన్యాయం వైపు మొగ్గు కూడా ఉంది కాబట్టి అది అవసరం.

తమ్ముడు రిచర్డ్ యేల్‌లో క్రైస్తవ నీతిశాస్త్రమే చెప్పేవారు. 1931లో జపాన్ చైనాలోని మంచూరియాను ఆక్రమించాక, 1932లో ఇద్దరూ 'క్రిస్టియన్ సెంచరీ' పత్రికలో ఎదురెదురుగా రాశారు. మన చేతులూ శుభ్రంగా లేవు, పశ్చాత్తాపంతో ఏమీ చేయకుండా ఉండటం కూడా దేవుని ముందు ఒక పనే అన్నారు తమ్ముడు. చేతులు ఎప్పటికీ శుభ్రం కావు, అందాకా ఊరుకుంటే చచ్చేది పక్కవాడు అన్నారు అన్న. అంతకుముందు 1923లో ఫ్రెంచి సైన్యం ఆక్రమించిన జర్మనీలోని రూర్ ప్రాంతాన్ని చూసి యుద్ధమే వద్దని తీర్మానించుకున్న మనిషి, హిట్లర్ వచ్చాక ఆ మాట వెనక్కి తీసుకున్నారు. ఆయన ప్రయత్నంతోనే 1939లో అమెరికా చేరిన డీట్రిక్ బాన్‌హోఫర్ అనే హిట్లర్ వ్యతిరేక జర్మన్ పాస్టరు, రావడం పొరపాటని నీబూర్‌కే ఉత్తరం రాసి కొద్ది వారాల్లో జర్మనీ తిరిగి వెళ్ళిపోయారు. 1945 ఏప్రిల్‌లో నాజీలు ఆయన్ని ఉరితీశారు.

యుద్ధం తర్వాత నీబూర్ ప్రభుత్వ పెద్దలకు దగ్గరయ్యారు. 1948లో టైమ్ పత్రిక ముఖచిత్రమయ్యారు. ప్రచ్ఛన్న యుద్ధంలో అమెరికా వైపు గట్టిగా నిలబడ్డారు. అలాగని కళ్ళు మూసుకోలేదు: హిరోషిమా మీద బాంబు వేయడం నైతికంగా సమర్థించలేనిదన్న 1946 నాటి చర్చిల ప్రకటన మీద సంతకం పెట్టారు, వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకించారు. అయినా రియలిజం అన్న మాట అధికారంలో ఉన్నవాళ్ళకు బాగా అచ్చొచ్చింది. ఏ పని చేసినా "లోకం అలా ఉంది మరి, తప్పదు" అనడానికి పనికొచ్చింది. స్టాన్లీ హావర్‌వాస్ లాంటి తర్వాతి తరం నీతిశాస్త్రజ్ఞులు ఆయన మీద చేసిన గట్టి ఫిర్యాదుల్లో ఇదొకటి. ఇంకొకటి స్త్రీవాద దైవశాస్త్రజ్ఞురాలు వాలరీ సేవింగ్ 1960లో చేసింది. గర్వమే మూల పాపం అన్నది మగవాళ్ళ అనుభవం, ఇంట్లో తన ఉనికినే చెరిపేసుకుంటూ బతికే ఆడదానికి 'గర్వం తగ్గించుకో' అనే బోధ ఏం మేలు చేస్తుందని ఆమె అడిగారు. నాకు దీనికి నీబూర్ దగ్గర సరైన జవాబు కనపడలేదు.

అన్నిటికంటే లోతైన విమర్శ ఆయన సెమినరీ నుంచే వచ్చింది. అక్కడ దశాబ్దాల పాటు బోధించిన నల్లజాతి దైవశాస్త్రజ్ఞుడు జేమ్స్ కోన్ 2011లో ఒక పుస్తకం రాశారు. జీవితమంతా సిలువ గురించి చెప్పిన నీబూర్‌కు, తన దేశంలోనే తెల్ల గుంపులు చంపి చెట్లకు వేలాడదీసిన నల్లవాళ్ళలో ఆ సిలువ ఎందుకు కనపడలేదన్నది కోన్ ప్రశ్న. ఆధారాలు బలంగానే ఉన్నాయి. నీబూర్ డిట్రాయిట్‌లో నల్లవాళ్ళ మీద దాడులు చేసే తెల్లవాళ్ళ రహస్య సంఘం కు క్లక్స్ క్లాన్‌ను ఎదిరించారు, నగర జాతి సంబంధాల కమిటీకి అధ్యక్షత వహించారు. కానీ ఆయన వెళ్ళిపోయాక బెతెల్ సంఘంలో నల్లవాళ్ళను సభ్యులుగా చేర్చుకోవడం మీద గొడవ జరిగితే, పూర్తిగా కలిసిపోయిన సంఘానికి మనం ఇంకా సిద్ధంగా లేమన్నారు. దక్షిణాదిలో తెల్లపిల్లల బడుల్లో చేరుతున్న నల్లపిల్లలకు రక్షణ కల్పించాలని అధ్యక్షుణ్ణి కోరే విజ్ఞప్తి మీద కింగ్ సంతకం అడిగితే, ఒత్తిడి పెంచితే చెడిపోతుందని పెట్టలేదు. ఒత్తిడి లేకుండా ఏ గుంపూ మారదని ప్రపంచానికి చెప్పిన మనిషి! 1963 సెప్టెంబరులో బర్మింగ్‌హామ్ చర్చి మీద బాంబు పేలి నలుగురు ఆడపిల్లలు చనిపోయినప్పుడు, రచయిత జేమ్స్ బాల్డ్విన్‌తో కలిసి టీవీలో మాట్లాడారు. చాలావరకు బాల్డ్విన్‌తో ఏకీభవించారు. కానీ బాల్డ్విన్ మాటల్లో ఉన్న మంట ఆయన మాటల్లో లేదని కోన్ అంటారు. తెల్లవాళ్ళ గుంపులో మంచివాడిగా ఉండటం ఆయనకూ కుదిరింది. దాన్ని వివరించడానికి కొత్త సిద్ధాంతం అక్కర్లేదు, 1932 పుస్తకం చాలు.

ప్రార్థన సంగతి మిగిలిపోయింది. అది 1944లో సైనిక పాస్టర్ల కోసం వేసిన చిన్న పుస్తకంలో అచ్చయింది. తర్వాత అది ఆయనది కాదన్న వాదనలు వచ్చాయి. జర్మనీలో చాలామంది 18వ శతాబ్దపు ఓటింగర్ అనే దైవశాస్త్రజ్ఞుడు రాశాడని నమ్మారు. యుద్ధం తర్వాత ఒక జర్మన్ ప్రొఫెసర్ ఫ్రీడ్రిక్ ఓటింగర్ అనే మారుపేరుతో దాన్ని వాడుకోవడమే ఆ గందరగోళానికి మూలం. నీబూర్ మాత్రం ఏనాడూ దాని మీద పెద్దగా పేచీ పెట్టుకోలేదు.

1952లో, 59 ఏళ్ళ వయసులో, ఆయనకు పక్షవాతం వచ్చింది. ఎడమవైపు బలహీనపడింది. రైలెక్కి తిరగడం తగ్గిపోయింది. చివరి 19 ఏళ్ళు మునుపటి ఉరుకులాట లేదు. వెంట డిప్రెషన్ వచ్చింది, రేపేమవుతుందో అన్న భయం రోజుల తరబడి వదిలేది కాదు. ఆ రోజుల గురించి 1967లో ఒక వ్యాసం రాసుకున్నారు, అది ఆయన 1971లో పోయిన చాలా ఏళ్ళకు అచ్చయింది. మంచం మీద దిగులుతో పడి ఉంటే, పోస్టులో మాత్రం ఉత్తరాలు ఆగకుండా వచ్చేవట. అన్నీ ఆ ప్రశాంతత ప్రార్థన గురించే. వాటిని చూస్తే తనకు సిగ్గేసేదని అందులో ఒప్పుకున్నారు.